ఈ ఆషాఢానికి శ్రావణం లేదు

24,999 అని లావుపాటి అంకెలతో రాసి, దాని నడుం మీదుగా ఒక ఎర్రగీత గీసి, కింద 4,999 అని ఆకుపచ్చగా వేసి, పక్కనే 02:14:37 నుంచి వెనక్కి పరుగెత్తే గడియారాన్ని కట్టేసిన ప్రకటనను చూడని పాఠకుడు ఈ రెండు రాష్ట్రాల్లో ఉంటాడని నేననుకోను. ఇంట్లో బీటెక్ పూర్తిచేసి ఖాళీగా కూర్చున్న పిల్లలున్న పాఠకుడైతే అసలే ఉండడు. ఐటీ కొలువు కోరే యువతీయువకులకు పద్నాలుగు సాఫ్ట్‌వేర్ల ఏడాది చందా, జీవితకాలం చూసుకోగల వీడియో పాఠాలు, క్లౌడ్ సర్టిఫికేషన్ పరీక్షకు సగం ధర వోచరు, వీటన్నిటి మీదా కరివేపాకులా ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అనే మాట ఒకటి చల్లి కట్టిన మూట అది. మూట సంగతి తరవాత చెబుతాను. ముందు గడియారం సంగతి తేలాలి.

నేను ఆ గడియారాన్ని సంక్రాంతి నుంచి శ్రద్ధగా గమనిస్తున్నాను. భోగిమంట వేసిన తెల్లవారుజామున ఈ రాయితీ మరో రెండు గంటల్లో ముగిసిపోతుందని అది చెప్పింది. ఉగాది పచ్చడి తింటున్నప్పుడూ రెండు గంటల్లోనే ముగుస్తానంది. శ్రీరామనవమి పానకం తాగి వచ్చి చూసినా అదే మాట. గడియారస్తంభాల మీది గడియారాలు ఏదో ఒక రోజున ఆగిపోతాయి గానీ, ఇది ఆగదు, అవదు. ఆషాఢం తగ్గింపులంటే మనకు వెటకారమే అయినా, చీరల దుకాణంవాడి తగ్గింపులో ఒక నిజాయితీ ఉందని ఇప్పుడు ఒప్పుకోవలసి వస్తున్నది. అమావాస్య వస్తుంది, శ్రావణం మొదలవుతుంది, ముహూర్తాలు పడతాయి, చీర ధర మళ్లీ చెట్టెక్కి కూర్చుంటుంది. ఈ ఆషాఢానికి శ్రావణం లేదు. ఆ కొట్టివేసిన 24,999 రూపాయలనూ పూర్తిగా చెల్లించి ఈ మూటను కొనుక్కున్న మహానుభావుడు భూమ్మీద ఎక్కడైనా ఉంటే, ఆయన్ను రవీంద్రభారతికి పిలిపించి శాలువా కప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇంత తెలిసినవాణ్ణి నా ఇంట్లోనే ఆ మూట కొనకుండా ఆపలేకపోయాను. మా మేనల్లుడు సత్తెనపల్లి పక్క పల్లె నుంచి వచ్చి, మా ఇంట్లో ఉంటూ, రోజూ అమీర్‌పేటకు వెళ్లి మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ ఫ్లెక్సీలన్నిటినీ ప్రదక్షిణం చేసి వస్తుంటాడు. ఒక రాత్రి పదకొండూ నలభైకి వాడు, "మావయ్యా, ఇంకా ఇరవై నిమిషాలే ఉంది," అన్నాడు. ఆ గొంతులో ఉన్నది పెళ్లిపీటల మీద కూర్చుని జీలకర్ర బెల్లం కోసం చూసే పెళ్లికొడుకు ఆదుర్దా. మా అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. మా ఆవిడ వంటింటి దీపం మళ్లీ వేసింది. 4,999 కాస్తా బండి ఎక్కే చివరి మెట్టు దగ్గర 18 శాతం జీఎస్టీని కలుపుకుని 5,898 రూపాయల 82 పైసలైంది. కార్డు మా బావగారిది. కార్డు వెనక ఉన్న ఖాతా ఆయనది. ఖాతా వెనక ఉన్న ఫోను కూడా ఆయనదే. అది మీటలు నొక్కే ఫోను, ఆ సమయానికి ఆయన తలగడ కింద, ఆయనతో పాటు నిద్రపోతున్నది.

నాలుగోసారి మోగాక ఎత్తారు. ఓటీపీ వచ్చింది, చూసి చెప్పు నాన్నా అన్నాడు వీడు. ఆయన కళ్లజోడు వెతుక్కుని, లైటు వేసుకుని, ఒక్కొక్క అంకెనూ విత్తనం నాటినట్టుగా చదివారు: ఐదు, ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది, రెండు. సరిగ్గా ఆరంకెలు. వీడు కొట్టాడు. తప్పు అంది తెర. ఆయన చదివింది ఓటీపీ కాదు, 5,898 రూపాయల 82 పైసలు. రెండో ఓటీపీ తెప్పించేసరికి పదకొండూ నలభై ఎనిమిది. ఈలోగా మా బావగారికి నిద్ర పూర్తిగా వదిలిపోయింది, నిద్రతో పాటు అమాయకత్వమూ వదిలిపోయింది. ఈ నంబరు ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులో చెప్పారని, ఫోను చేసినప్పుడల్లా రింగుకు ముందు ఒకాయన గంభీరంగా అదే చెబుతున్నాడని, ఈమధ్య దొంగలు కన్నకొడుకు గొంతును కూడా అనుకరిస్తున్నారని పేపర్లో చదివానని అన్నారు. "నువ్వు మావాడివే అయితే మన గేదె పేరు చెప్పు," అన్నారు.

వీడు చెప్పాడు. అది తప్పు. ఆ గేదెను మాఘమాసంలో అమ్మేశారు. "కొత్త గేదెను కొన్నామని ఇంట్లో వాళ్లందరికీ తెలుసే!" అని అటు నుంచి గద్దింపు. నాకు ఎవరూ చెప్పలేదని వీడు, చెప్పలేదంటేనే అనుమానంగా ఉందని ఆయన. పదకొండూ యాభై మూడు. మా అమ్మ ఫోను లాక్కుని, అల్లుడుగారూ నేనూ అంది. దొంగలు ఆడగొంతు కూడా పెడతారట. చివరికి మా అక్కను లేపి, అక్క చేత వీడి చిన్నప్పటి పుట్టుమచ్చ ఎక్కడుందో అడిగించి, వీడి జవాబును ధ్రువపరచుకుని, పదకొండూ యాభై ఎనిమిదికి ఆరంకెలనూ అప్పగించారు. ప్రపంచంలో ఏ బ్యాంకూ ఇంత పకడ్బందీగా ఒక చెల్లింపును సరిచూసి ఉండదు. డబ్బు కట్ అయింది. మేమందరం ఆ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాం. 00:00:03. 00:00:02. 00:00:01. ఆ తరవాత అది ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, 23:59:59 నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి మా అమ్మే, "ఇంకా బోలెడు టైముందటగదరా, పొద్దున్నే లేచి నిదానంగా కట్టేవాడివి," అంది.

ఇప్పుడు మూట విప్పుదాం. పద్నాలుగు సాఫ్ట్‌వేర్లలో తొమ్మిది ఎవరైనా ఎప్పుడైనా పైసా ఇవ్వకుండా దింపుకోగలిగినవే. లినస్ టోర్వాల్డ్స్ 2005లో రాసి లోకానికి ధారపోసిన, ప్రోగ్రాముల మార్పుల లెక్క పెట్టే గిట్‌కు ఏడాది చందా. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు ఏడాది చందా. పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకూ, ఆఫీసు పనుల లిబ్రెఆఫీస్‌కూ ఏడాది చందా. ఏడాది దాటితే వాటిని తిరిగి ఎవరికి అప్పజెప్పాలో మాత్రం చెప్పలేదు. కృష్ణా కాలువ గట్టున నిలబడి నీళ్లకు ఏడాది పాసు అమ్మే వ్యాపారం ఇన్నాళ్లూ మనవాళ్లకు ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాదు. మిగిలిన ఐదింటిలో రెండు, ఏదో సంస్థ తన ఉద్యోగుల కోసం టోకున తీసుకున్న లైసెన్సు తాళంచెవులు. ఆ సంస్థవారు లెక్క చూసుకున్న రోజున అవి తాళం తీయడం మానేశాయి. ఇంకొకటి బొమ్మలు, డిజైన్లు చేసుకునే సాఫ్ట్‌వేరు, దానికి ఆరుగురికి కలిపి ఒకే లాగిన్. మావాడు తన రెజ్యూమేను అందులో తీర్చిదిద్ది దాచుకుంటే, భీమవరం వైపు వారెవరో అదే ఖాతాలో తమ శుభలేఖ చేసుకుంటున్నారు. ఒక రోజు మావాడి రెజ్యూమే మొదటి పుట మీద గణపతి, రెండు అరటి చెట్లు ప్రత్యక్షమయ్యాయి. ఆ రూపంలోనే అది మూడు కంపెనీలకు వెళ్లింది. ఒక్క జవాబూ రాలేదు. అంతకు ముందు గణపతి లేకుండా పంపినప్పుడూ రాలేదు కాబట్టి తప్పు గణపతిదని చెప్పలేం.

జీవితకాలం అన్న మాట దగ్గర మావాడు పొరబడ్డాడు. అది చూసేవాడి జీవితకాలం అనుకున్నాడు. అది అమ్మేవాడి జీవితకాలం. ఐదు నెలల్లో అతగాడు బోర్డు తిప్పేసి, వేరే పేరుతో, వేరే రంగులతో పునర్జన్మ ఎత్తాడు. గడియారం మాత్రం పాతదే. ఒకప్పుడు సికింద్రాబాదు కంప్యూటర్ల బజారు సీటీసీలో దొంగ సీడీలు అమ్మే కుర్రాడు కూడా, పనిచేయకపోతే రేపు తెచ్చెయ్యండి సార్ అనేవాడు. తాను అమ్మేది దొంగసరుకని అతనికీ తెలుసు, మనకూ తెలుసు, మధ్యలో ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ ఉండేది కాదు.

ఇక వోచరు. ఇంటర్నెట్ మీద కంప్యూటర్లను అద్దెకిచ్చే అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారి మొదటి మెట్టు పరీక్షకు 100 డాలర్లు, అసోసియేట్ స్థాయికి 150, ప్రొఫెషనల్ స్థాయికి 300; నెట్‌వర్క్ పరికరాల సిస్కో వారి సీసీఎన్ఏ పరీక్షకు 300. వీటికి మూడేళ్లకు గడువు తీరిపోతుంది కాబట్టి, సర్టిఫికెట్ అంటున్నాం గానీ నిజానికి ఇదీ చందాయే. డాలరు లెక్కలో జీతం లేనివాడు డాలరు లెక్కలో పరీక్ష కట్టలేక రాయితీ కోసం వెతకడంలో వాడి తప్పేమీ లేదు. అయితే ఒక పరీక్ష నెగ్గినవారికి తరవాతి పరీక్షలో సగం రాయితీని అమెజాన్ వారు తామే ఇస్తారు. మైక్రోసాఫ్ట్ వారి అసోసియేట్ సర్టిఫికెట్లకు ఏడాదికే గడువు తీరినా, వాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగానే పొడిగించుకోవచ్చు. పాఠాలు కూడా వారి సైటులో ఉచితమే. ఐఐటీల, ఐఐఎస్సీ ఆచార్యులు చెప్పిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు చూడటానికి పైసా అక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలనుకుంటేనే వెయ్యి రూపాయల పరీక్ష. వీటిలో దేని పక్కనా వెనక్కి పరుగెత్తే గడియారం ఉండదు, అందుకే మన పిల్లలకు వాటి మీద నమ్మకం కుదరదు.

వోచరుతో పాటు డంప్స్ ఉచితం. తెలుగు పాఠకుడికి ఇన్నాళ్లూ రెండే డంపులు తెలుసు: జవహర్‌నగర్‌లో చెత్త పోసేది ఒకటి, అడవిలో తవ్వి పోలీసులు స్వాధీనం చేసుకునేది ఒకటి. పరీక్షలో వచ్చిన ప్రశ్నలను దొంగతనంగా పోగుచేసి అమ్మే ఈ మూడో డంపులో మొదటిదాని నాణ్యతా, రెండోదాని ప్రమాదమూ కలిసి ఉన్నాయి. దీన్ని బట్టీపట్టి రాసినట్టు తేలితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు. రద్దయ్యేది డంపు అమ్మినవాడిది కాదు.

ఇక్కడి దాకా నవ్వుతూనే వచ్చాను. ఆ ప్రకటనను మూసెయ్యాలంటే నొక్కవలసిన బొత్తాం గురించి మాత్రం నవ్వుతూ చెప్పలేను. కొంటాను అన్న బొత్తాం అరచేయంత వెడల్పున ఉంటుంది. దాని కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో రెండోది. తెలుగులో చెప్పాలంటే అది ఇది: "వద్దు, నా భవిష్యత్తు మీద నాకు శ్రద్ధ లేదు." ఈ వాక్యం రాసినవాడికి నెలనెలా జీతం వస్తుంది. దాన్ని నొక్కవలసినవాడికి రాదు. ఏడాదిన్నరగా ఉద్యోగం లేక, ఊరికి వెళ్తే అరుగు మీదివాళ్లు ఏం చేస్తున్నావని అడుగుతారని పండక్కి కూడా వెళ్లకుండా, హాస్టల్లో ఐదుగురితో ఒక గది పంచుకునే కుర్రాడి చేత, నాకు శ్రద్ధ లేదు అని ఒప్పించి పంపాలని ఎవడికి తోచింది? శ్రద్ధ లేనిది వాడికా? నాలుగేళ్లు కూర్చోబెట్టి ఒక్క ప్రోగ్రామూ సొంతంగా రాయించని కాలేజీకి ఉందా శ్రద్ధ? ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ప్రభుత్వం నుంచి రాలేదని, వాడి ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకుంది ఆ కాలేజీ. బకాయి పెట్టింది ప్రభుత్వం, తాకట్టు పడింది పిల్లవాడు. చదివి నెగ్గిన పట్టా చేతికి రాక, కొనుక్కోగల పట్టాల వెంట పడుతున్నాడు వాడు. ఆ పట్టా లేదని రెజ్యూమే తెరవకుండానే తోసేసి, ఉన్నవాళ్లను కూడా అందరి దగ్గరా ఇదే ఉందిగా అని తోసేసే కంపెనీవారికి ఉందా శ్రద్ధ? సిగ్గుండాలి.

చట్టం లేదా అంటే ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో కొనేవాణ్ణి మభ్యపెట్టే తెర మీది మాయల మీద, అంటే డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు తెచ్చి, పదమూడు మోసాలకు పేర్లు పెట్టింది. లేని తొందర కల్పించడం ఆ జాబితాలో మొదటిది. చివర్లో ఛార్జీలు బయటపెట్టడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపరచడం, చందా వలలో బిగించడం, సాఫ్ట్‌వేర్ చందాల బిల్లింగులో చేసే మాయ కూడా అందులో ఉన్నాయి. జాబితా రాసినవారు మావాడి మూటను ముందు పెట్టుకుని రాశారేమో అనిపిస్తుంది. ఫిర్యాదుకు 1915 అనే నంబరుంది. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిఫారసు మీద న్యాయశాఖ 2024 జూన్‌లో, చందా మానుకోవడాన్ని కష్టం చేశారని, మధ్యలో మానితే కట్టవలసిన రుసుమును దాచారని అడోబీ అంతటి సాఫ్ట్‌వేర్ సంస్థ మీద దావా వేసింది. మన అమ్మకందారు మీద వేయాలంటే ముందు ఆయన ఈ వారం ఏ పేరుతో ఉన్నాడో కనుక్కోవాలి.

అన్నట్టు, ఆ రాత్రి చెల్లింపు మధ్యలో చిన్న గడి ఒకటి దానంతటదే టిక్కు పెట్టుకుని ఉందట, మావాడు తొందరలో చూడలేదు. ఏడాది తిరిగేసరికి చందా సొమ్ము ఖాతాలోంచి తనంతట తానే మళ్లీ కట్ అవుతుంది. ఇలా ముందుగా అనుమతిచ్చిన చెల్లింపు 15,000 రూపాయల లోపుంటే మళ్లీ ఓటీపీ అక్కర్లేదని రిజర్వు బ్యాంకు 2022లో పరిమితి పెంచింది. ఇరవై నాలుగు గంటల ముందు ఒక సందేశం రావాలి, అంతే. ఆ సందేశం మా బావగారి మీటల ఫోనుకు, ఇంగ్లీషులో వస్తుంది.

ఇవేవీ ఆయనకు మేమింకా చెప్పలేదు. ఆయన జాగ్రత్తలో ఆయన ఉన్నారు. ఆ రాత్రి కొత్త గేదె పేరు కంగారులో మా అక్క నోటి నుంచి ఫోనులో బయటపడిపోయిందని, తెల్లవారగానే ఆయన దాని పేరు మార్చేశారట. కొత్త పేరు ఇంతవరకు మా అక్కకు కూడా చెప్పలేదు.