సగటు ర్యాంకు సున్నా అట!

తిరుపతి లాడ్జీల, ట్రావెల్స్ యజమానుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. గూగుల్ షీట్‌లో ఒక్క ఫార్ములా రాస్తే, గూగుల్‌లో వెతికినవారికి మన వెబ్‌సైటు ఎన్నో స్థానంలో కనిపిస్తోందో రోజూ దానంతటదే నమోదవుతుందని, ఇక ఆ ర్యాంకులు చూసిపెట్టే ఏజెన్సీలకు రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదని దాని సారాంశం. 'చాలా ఉపయోగం' అని తోక తగిలించి అందరూ నాకే పంపుతున్నారు. వారిలో ఒక్కరైనా ఆ షీట్‌ను వారం రోజులు నడిపి చూసి ఉంటారా అని నా అనుమానం.

ఆ ఫార్ములా ఇంపోర్ట్‌ఎక్స్‌ఎంఎల్. మామూలు వెబ్ పేజీ నుంచి కావలసిన ముక్కను తెచ్చిపెట్టడంలో దానికి వంక పెట్టలేము. అయితే ర్యాంకులు చూసుకోవడానికి యంత్రాలతో తన ఫలితాలను తోడుకోవడాన్ని గూగుల్ స్పామ్ విధానాల్లోనే స్పష్టంగా నిషేధించింది. పైగా 2025 జనవరి నుంచి ఫలితాల పేజీ తెరుచుకోవాలంటే జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే కోడ్) తప్పనిసరి, ఈ ఫార్ములాకు దాన్ని నడపడం రాదు. అందుచేత గడిలో ర్యాంకుకు బదులు లోపం కనిపిస్తుంది.

సందేశకర్తకు ఈ సంగతి తెలిసినట్టే ఉంది. 'లోపం వస్తే కంగారు పడకండి, ఇఫ్‌ఎర్రర్‌లో చుట్టి సున్నా పెట్టండి' అని రాశారు. లోపం వచ్చినచోట మనం చెప్పినదాన్ని చూపించే ఫార్ములా అది. ర్యాంకులో అంకె ఎంత చిన్నదైతే అంత గొప్ప అన్నది మరిచి ఇచ్చిన సలహా ఇది. రైల్వే స్టేషన్ దగ్గరి ఒక లాడ్జికి అయిదు రోజుల్లో రెండు రోజులు ఎలాగో 12, 9 అని వచ్చి, మిగిలిన మూడు రోజులు సున్నాలు పడ్డాయనుకుందాం. నిజంగా అంకె దొరికిన రెండు రోజుల సగటు 10.5, షీట్ చూపే సగటు 4.2. ర్యాంకు 5 కంటే తక్కువైతే గడి ఆకుపచ్చగా మారాలన్న సలహా కూడా ఉంది కనుక, ఏమీ దొరకని ప్రతి రోజూ షీట్ పచ్చగా కళకళలాడుతుంది. వారమంతా ఏమీ రాకపోతే సగటు సున్నా, అంటే ఒకటో స్థానానికీ పైన, బహుశా ఏడుకొండల మీద! గడిని ఖాళీగా వదిలేసి ఉంటే సగటు లెక్క దాని జోలికే పోయేది కాదు.

'మీరు నిద్రపోతున్నా పనిచేస్తుంది' అన్నది కూడా నిజం కాదు. షీట్ తెరిచి ఉన్నప్పుడే ఆ ఫార్ములా గంటకోసారి తాజా అవుతుంది, పాత అంకెను చెరిపేస్తుంది.

'అందరికీ కనిపించే ర్యాంకు ఇదే' అట. పేజీని తెచ్చేది గూగుల్ సర్వరు. మీ గిరాకీ అక్కడ కూర్చుని వెతకడు. లాడ్జీల వంటి స్థానిక ఫలితాల్లో దూరం కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి అలిపిరి దగ్గర నిలబడి వెతికే యాత్రికుడికి, చెన్నైలో తమిళంలో టైపు చేసే కుటుంబానికి ఒకే వరుస కనిపించదు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. తేదీ, వెతికిన మాట, కనిపించిన పేజీ అంటూ ఆ సందేశంలో గీసిన పట్టిక నిజంగా బాగుంది. నెలకోసారి రంగురంగుల నివేదిక పంపే కొన్ని ఏజెన్సీలు ఈపాటి వివరం కూడా ఇవ్వవు. వెబ్‌సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అన్న సాధనం 16 నెలల సగటు స్థానాలను ఉచితంగానే ఇస్తుంది. దాని ఏపీఐని (ప్రోగ్రాములు సమాచారం అడిగి తీసుకునే దారిని), షీట్‌కు కోడ్ రాసుకునే యాప్స్ స్క్రిప్ట్‌తో రోజూ పిలిపించుకుని ఆ అంకెలను ఇదే పట్టికలో నింపితే, ఆటోమేటిక్ అన్న ముచ్చట కూడా తీరుతుంది.

కానీ స్క్రిప్ట్ మీరు రాసుకున్నదో, మీకు తెలిసినవారు రాసిందో అయి ఉండాలి. సందేశం అడుగున ఉన్న లింకు నుంచి షీట్‌ను కాపీ చేసుకుంటే ముక్కూమొహం తెలియనివారి స్క్రిప్ట్ కూడా వెంట వస్తుంది. ఇది ధ్రువీకరించని యాప్ అని గూగుల్ హెచ్చరించినప్పుడు 'అడ్వాన్స్‌డ్' నొక్కి ముందుకు వెళ్లమని, జీమెయిల్‌తో సహా అన్నిటికీ అనుమతి ఇమ్మని అందులో నిస్సంకోచంగా రాశారు. ర్యాంకు రాసుకునే స్క్రిప్ట్‌కు మీ ఉత్తరాలతో ఏం పని? యాత్రికులు గదుల కోసం పంపిన ఆధార్ నకళ్లు ఆ ఖాతాలోనే ఉంటాయి కదా! ఇప్పటికే నొక్కేసినవారు గూగుల్ ఖాతా సెట్టింగుల్లో బయటి యాప్‌ల జాబితా తెరిచి ఆ అనుమతిని తొలగించండి. మీరు ఫార్వర్డ్ చేసిన గ్రూపుల్లో కూడా ఈ మాట చెప్పండి.