ఇంతవరకూ దయచేయని నెత్తిబొడిపె గారికి

మహారాజశ్రీ హంప్ గారి దివ్యసముఖానికి,

మా ఫ్లవర్‌హార్న్ చేప నెత్తి మీద తమరు ఎప్పుడు వేంచేస్తారా అని చూసి చూసి కళ్ళు కాయలు కాచిన హైదరాబాదు వాస్తవ్యుడొకడు చేసుకునే విన్నపం. తమరు రాలేదు. తమకు బదులు ఇవాళ పొద్దున్నే గుడ్లు వచ్చాయి.

అవునండీ, గుడ్లే. తొట్టి మూలనున్న పలకరాయి మీద వరసలు వరసలుగా తేనెరంగు గుడ్లు. పక్కనే మా ‘గ్యారంటీ మేల్’ రెక్కలతో వాటికి గాలి విసురుతూ కాపలా కాస్తోంది. ఆ పొట్టకింద గుడ్లు పెట్టే గొట్టంలాంటిది బయటికొచ్చి ఉంది. నాకింకేం సాక్ష్యం కావాలి?

తమరు పెద్దగా వచ్చేది మగచేపకే కదా, తమరి పేరు చెప్పే షాపులో బేరం కుదిరింది. “ఆర్నెల్లు ఆగన్నా, హంప్ నారింజకాయంత అయితది, నువ్వే ఫోన్ చేస్తవ్” అన్నాడు షాపాయన. ఫోన్‌లో ఫొటోలు కూడా చూపించాడు. ప్రతి ఫొటోలోనూ తమరే, ఎర్రగా నున్నగా, చేపకంటే ముందు తమరే. ఆ ధైర్యంతోనే పిల్లలు దీనికి గుండన్న అని పేరు పెట్టారు.

ఇంకా నయం, తొట్టిని ఈశాన్యంలో పెట్టమన్నాడు. హంప్ పెరిగినకొద్దీ ఇంట్లో డబ్బు పెరుగుతుందట. 1990లలో మలేషియాలో మధ్య అమెరికాకు చెందిన సిక్లిడ్ అనే కుటుంబపు చేపజాతుల్ని ఒకదానితో ఒకటి దాటించి పుట్టించిన చేప ఇది. ప్రపంచంలో ఏ నదీ దీని పుట్టిల్లు కాదు. అలాంటిదాని గురించి మన వాస్తు శాస్త్రంలో ఏ అధ్యాయంలో రాశారో ఆ షాపాయన్నే అడగాలి. మలేషియావాళ్ళు దీని ఒంటి మీది నల్లమచ్చల్లో లాటరీ నంబర్లు వెతుక్కున్నారు, ఇక్కడ మనం బ్యాంకు బ్యాలెన్సు వెతుక్కుంటున్నాం. మోజు తీరాక కొందరు తీసుకెళ్ళి చెరువుల్లో వదిలేస్తే ఆ నీళ్ళలో ఉన్న చేపల పని పట్టింది. ఆస్ట్రేలియా అయితే అసలు గుమ్మమే తొక్కనివ్వదు.

తమరి రాకకోసం నేను చేయని సేవ లేదు. నాలుగడుగుల తొట్టి మొత్తం ఈ ఒక్క చేపకే రాసిచ్చాను. పక్కన ఇంకో చేప ఉంటే చంపేస్తుంది మరి. రంగు తేలాలని ఆస్టాజాంతిన్ అనే రంగుపదార్థం కలిపిన గింజల మేత పెట్టాను, డబ్బా మీద తమరి బొమ్మే ఉంది. మధ్యమధ్యన ఎండురొయ్యలు. డిసెంబరు చలికి హీటర్ 29 డిగ్రీల దగ్గర పెట్టాను. వారం వారం మూడోవంతు నీళ్ళు తోడి మార్చాను. కోపం వస్తే హంప్ వస్తుందని ఎవరో చెబితే రోజూ సాయంత్రం గాజుకు అద్దం ఆనించాను. ఆ చేప తన నీడనే చూసుకుని మొప్పలు విప్పి గాజును గుద్దుతుంటే, ఆహా మగతనం అని మురిసిపోయాను. ఆడచేపకీ అంత కోపం ఉంటుందని ఎవరూ చెప్పలేదు. మా ఆవిడ మాత్రం, “అద్దం ముందు అంతసేపు నిలబడుతోందంటే నాకు ముందే అనుమానం వచ్చిందండీ” అంటోంది ఇప్పుడు. గుండన్న కాస్తా గుండమ్మ అయిపోయింది.

కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టరు మీద ఫ్యాన్ ఆపి ఎయిర్ పంపు నడిపిన రాత్రుల సంగతి ఎత్తను. “ఇది తిలాపియా కదరా, పులుసుకి పనికొస్తుంది” అన్న మా బావగారి మాటా ఎత్తను. ఆయన అన్నదాంట్లో సగం నిజమే. తిలాపియా, కేరళవాళ్ళ కరిమీన్, ఇదీ అన్నీ సిక్లిడ్ కుటుంబమే.

నన్ను కాల్చుకు తింటున్నది ఒక్కటే. ఇంతకీ తమరెవరండీ? దీని పూర్వీకుల్లో ఒకటని చెప్పే, నికరాగువా సరస్సుల్లోని మైడాస్ సిక్లిడ్‌లో, మగదానికి జతకట్టే రోజుల్లో నెత్తి కాస్త ఉబ్బుతుంది. ఆ కాస్త ఉబ్బునే పట్టుకుని, పెంచేవాళ్ళు తరం తరం ఏరి, సాకి, చేపకు తమరే సర్వస్వం చేశారు. అందులో మెదడు లేదు, అదృష్టం అంతకన్నా లేదు. ఇప్పుడు తమరు ఉంటే షోపీసు, లేకపోతే ఫెయిల్ పీసు. పైగా మన షాపుల్లో ఫ్లవర్‌హార్న్ జాతికి ఆడపిల్లలే పుట్టరు! బొటనవేలంత పిల్లను ప్లాస్టిక్ కవర్లో పోసి “మేల్ పక్కా” అంటారు. ఆ వయసులో ఏది ఆడో ఏది మగో తేల్చడం పెంచేవాళ్ళకే కష్టం. వెన్నురెక్క మీద నల్లమచ్చ ఉంటే ఆడది అంటారు, అదీ అన్ని రకాల్లో పనిచేయదు. మరి ఈ ఆడచేపలన్నీ ఎక్కడికి పోతున్నాయి? మా ఇంటికొచ్చినట్టే మగ పేరుతో, మగ ధరకి, ఎవరో ఒకరి ఈశాన్యంలోకి. ఇది మోసం కాకపోతే ఏమిటయ్యా? నెత్తి మీద కండ లేదని ఒంటి నిండా ముత్యాల్లాంటి చుక్కలున్న చేపను ఫెయిల్ అంటార్రా? మీకేం పోయేకాలం?

క్షమించాలి. మర్యాద తప్పాను.

ఒక సంగతి మాత్రం తమరు చూడాల్సింది. మగచేప తోడు లేదు కాబట్టి ఆ గుడ్లు పిల్లలు కావు. మధ్యాహ్నానికే కొన్ని పాలిపోవడం మొదలైంది, రేపటికి ఇంకా తెల్లబడి బూజు పడతాయి. గుండమ్మకి ఆ సంగతి తెలియదు. తెల్లబడ్డవాటిని ఒక్కొక్కటే నోటితో ఏరేస్తూ, మిగిలినవాటికి మళ్ళీ విసురుతోంది. నేను నీళ్ళు తోడే గొట్టం లోపల పెట్టగానే వచ్చి దాని మూతి కరిచింది. చెయ్యి పెడితే వేలు కరిచింది. తొట్టి అడుగున ఉన్న గులకరాళ్ళన్నీ ఎత్తి మూలకి పోసి, రాయి చుట్టూ జాగా చేసుకుంది. ఇంతకాలం దీని నెత్తి తప్ప ఇంకేమీ చూడలేదు కాబోలు, ఆ కళ్ళు అంత ఎర్రగా ఉంటాయని ఇవాళే తెలిసింది.

కోపం పట్టలేక షాపుకు ఫోన్ చేశాను. ఆయన సిగ్గుపడలేదు సరికదా, “కంగ్రాట్స్ అన్నా! ఇంకేంది, ఒక మగది తీస్కో, పిల్లలైతయ్. నిన్ననే చెన్నై కొలత్తూరు నుంచి మాల్ వచ్చింది, హంప్ ఇట్లుంది” అన్నాడు. హైబ్రిడ్ మగవాటిలో చాలావాటికి సంతానయోగం ఉండదని నాకూ తెలుసు. “గ్యారంటీ అన్నా” అన్నాడు.

అంటే చివరికి తమరు మా ఇంటికి వస్తున్నారు, వేరే చేప నెత్తినెక్కి. తొట్టి మధ్యలో అడ్డంగా పెట్టడానికి నెట్ పార్టిషన్ కొలతలు తీసుకున్నాను. అటువైపు ఉండండి. అద్దం గుద్ది గుద్ది గుండమ్మకు సాధన బాగా అయింది, ఇప్పుడు ఎదురుగా నిజం చేప. తమరికి ఏమైనా అయితే నా పూచీ లేదు.

ఇట్లు,
గ్యారంటీ కార్డు లేని వినియోగదారుడు