చట్టం 2 రోజులంటే కంపెనీ 45 రోజులంటుందా?

రాజీనామా ఇచ్చాక పనిచేయాల్సిన 90 రోజుల నోటీసు పీరియడ్‌లో పది రోజులు తగ్గితే ఆ పది రోజుల డబ్బూ లెక్కగట్టి కోసుకునే కంపెనీ, ఉద్యోగికి తాను ఇవ్వాల్సిన ఆఖరి జీతాన్ని మాత్రం 45 రోజులంటుంది, 60 రోజులంటుంది, మెయిళ్లు పెట్టి పెట్టి విసిగిపోయి వదిలేస్తే అసలు ఇవ్వనే ఇవ్వదు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఈ 'ఫుల్ అండ్ ఫైనల్' (ఉద్యోగం వదిలాక చేసే ఆఖరి లెక్క) బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. గట్టిగా అడిగితే హెచ్ఆర్ జవాబు ఒకటే, 'మా పాలసీ అంతే'.

పాలసీ చట్టం కంటే పెద్దదా? 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ 17వ సెక్షన్ ప్రకారం తీసేసినా, రాజీనామా చేసినా, రావాల్సిన జీతం 2 పనిదినాల్లో ఇచ్చేయాలి. తీసేసినవాళ్లకు ఈ గడువు 1936 నాటి చట్టంలోనే ఉంది. కొత్త కోడ్ రాజీనామా చేసినవాళ్లనూ చేర్చింది, జీతం ఎంతన్న పరిమితీ ఎత్తేసింది.

ల్యాప్‌టాప్ అప్పగింత, సెలవుల లెక్క, టీడీఎస్ (జీతంలో కోసే పన్ను) తేలడానికి టైం పడుతుందని యాజమాన్యాలు అంటున్నాయి. ఆఖరి రోజు ఏదో మూడు నెలల ముందే తెలిసినప్పుడు ఆ మూడు నెలలూ ఏం చేస్తున్నట్టు? నోటీసు కోత లెక్క క్షణాల్లో తేలుతుంది, జీతం లెక్క దగ్గరే ఎందుకు ఆగుతుంది? ఈలోగా ఒకటో తారీఖు అద్దె ఆగదు, ఈఎంఐ కోత ఆగదు. అంతకంటే దారుణం, 'బాకీలేమీ లేవు' అని సంతకం పెడితేనే ఉద్యోగం నుంచి విడిచిపెట్టామని రాసిచ్చే రిలీవింగ్ లెటర్ ఇస్తామనడం. ఆ లెటర్ లేకపోతే కొత్త ఉద్యోగం చేజారుతుందన్న భయంతో ఎంతోమంది రావాల్సిన డబ్బు వదులుకుంటున్నారు. తన బాకీ పైసలతో సహా వసూలు చేసుకున్నాక ఎదుటివాళ్ల బాకీ మాఫీ చేయించుకోవడమే ఇది!

ఉద్యోగులకు ఒక మాట. ఆఫీసు మెయిల్ ఆఖరి రోజు సాయంత్రానికే బంద్ అవుతుంది కాబట్టి రాజీనామా మెయిల్, దాన్ని ఒప్పుకున్న జవాబు, పే స్లిప్పులు ముందే దాచుకోండి. క్లెయిమ్ వేయడానికి 3 ఏళ్ల గడువుంది. బాకీ కాక దానికి 10 రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం కోడ్‌లో ఉంది. డబ్బు ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే, మీరు కాదు.

ఇక కార్మిక శాఖ. ఉద్యోగి తరఫున ఇన్‌స్పెక్టరే దరఖాస్తు వేయొచ్చని కోడ్ చెబుతోంది, అయినా ఎవరో ఒకరు భయం చంపుకుని మీ మెట్లెక్కేదాకా కూర్చుంటారా? చట్టం 2 రోజులంటే 45 రోజులని కంపెనీలు తమ పాలసీ కాగితాల్లోనే రాసుకుంటున్నాయి, ఇంతకంటే ఏం రుజువు కావాలి మీకు?