మా అమ్మమ్మ పొడిపించిన పచ్చబొట్టును ఇవాళ దాచుకోమన్నారు

జపాన్‌లో హకోనే నుంచి టోక్యోలోని షింజుకు వచ్చే రైల్లో కూర్చుని రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి, ఇది ఇప్పుడే రాయకపోతే నాకు రాత్రి నిద్ర పట్టదు.

జరిగింది చూస్తే చిన్నదే. ఆఫీసులో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఆన్సెన్‌కి వెళ్ళాను. ఆన్సెన్ అంటే వేడినీటి బుగ్గల స్నానాలు, ఆడవాళ్ళవి వేరు, మగవాళ్ళవి వేరు. కౌంటర్లో ఉన్న పెద్దావిడ తాళంచెవి చేతిలో పెట్టబోతూ నా ముంజేయి చూసింది. మూడు చుక్కలు, పక్కన బొటనవేలి గోరంత తులసికోట. అంతే ఉంది అక్కడ. వెంటనే లోపలికెళ్ళి ఒక లామినేట్ చేసిన కాగితం తెచ్చి చూపించింది, ఒంటి మీద టాటూ ఉంటే ప్రవేశం లేదని. నడుం వంచి రెండుసార్లు క్షమాపణ చెప్పింది. చిన్నది కాబట్టి పైన స్టిక్కర్ అంటించుకుంటే రావచ్చు, 300 యెన్లు అంది.

సరే, స్నేహితురాళ్ళ ముందు గొడవెందుకని తీసుకున్నాను. ఆ స్టిక్కర్ రంగు వాళ్ళ ఒంటి రంగు! అక్కడున్నది అదొక్కటే రంగు. నా చామనఛాయ చేతి మీద అది దెబ్బకి కట్టిన కట్టులా, అర కిలోమీటరు నుంచి కనపడేలా ఉంది. దాచడానికి ఇచ్చిన వస్తువు నన్నే అందరికీ చూపిస్తోంది. అద్దంలో చూసుకుని ఏడుపొచ్చింది, అంటించినది అంటించినట్టే పీకేసి బయటికొచ్చేశాను. స్నేహితురాళ్ళను లోపలికి వెళ్ళమని చెప్పి, గంటన్నర బయట బల్ల మీద కూర్చున్నాను.

నాకు అంత బాధెందుకంటే, నేను ఆన్సెన్‌లో దిగడానికే రెండేళ్ళు పట్టింది. మన దగ్గర పెరిగిన ఆడపిల్లకి నలుగురి ముందు బట్టల్లేకుండా నిలబడటమంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? మొదటిసారి తువాలు చుట్టుకునే నీళ్ళలో దిగబోతే, పక్కనున్న ముసలావిడ మెల్లగా చెయ్యి పట్టుకుని తువాలు నీళ్ళలో తగలకూడదని సైగ చేసి, తన తువాలు మడిచి నెత్తిన పెట్టుకుని చూపించింది. చిన్న పీట మీద కూర్చుని ముందు ఒళ్ళంతా ఎలా కడుక్కోవాలో కూడా ఆవిడే నేర్పింది. ఆ రోజు చూశాను, బొజ్జలున్నవాళ్ళు, ఆపరేషన్ గాట్లున్నవాళ్ళు, ఎనభై ఏళ్ళవాళ్ళు, ఎవరూ ఎవరినీ చూడటం లేదు. నా ఒంటిని ఎవరూ తూకం వేయని చోటు నా జీవితంలో అదే మొదటిది. ఆ తర్వాత నాకు అదే పుట్టిల్లులా అయింది, టెన్షన్ వచ్చినప్పుడల్లా పరిగెత్తేదాన్ని. ఇన్నాళ్ళూ వెళ్ళిన చోట్ల ఆ మూడు చుక్కల గురించి ఎవరూ అడగలేదు. ఇవాళ అడిగారు, ఇక ఏ కౌంటర్ దగ్గర నిలబడినా గుండె దడే.

కొందరు స్నేహితులకు మెసేజ్ పెడితే “వాళ్ళ దేశం, వాళ్ళ రూలు, నువ్వే సర్దుకోవాలి” అన్నారు. ఆరేళ్ళుగా సర్దుకుంటూనే ఉన్నాను కదా! చెత్త రోజువారీగా వేరుచేసి పెడుతున్నాను, రైల్లో అమ్మ ఫోన్ చేస్తే ఎత్తను, ఏది తిన్నా అందులో చేప రసం ఉందేమోనని సగం ఆకలితో లేస్తాను, టోక్యో మెట్రో తోజై లైన్‌లో ఊపిరాడని రద్దీలో ఆడవాళ్ళ పెట్టె అందకపోతే వీపుకి బ్యాగు అడ్డం పెట్టుకుని నిలబడతాను. ఇంకా ఎక్కడ సర్దుకోవాలి, చర్మం ఒలుచుకోవాలా?

యాకూజా గూండాలు ఒంటినిండా బొమ్మలు వేయించుకుంటారని ఆ రూలు పెట్టారు, నాకు తెలుసు. అంతకుముందు ఎడో కాలంలో (1868కి ముందు) నేరం చేసినవాళ్ళకి గుర్తుగా పొడిచేవారు, 1872లో అసలు పచ్చబొట్లనే నిషేధించి 1948 దాకా ఉంచారు. కానీ వాళ్ళ దేశపు ఆడవాళ్ళ సంగతో? దక్షిణాన ఒకినావా దీవుల్లో ఆడవాళ్ళు వేళ్ళ మీద, మణికట్టు దాకా ‘హాజిచి’ పొడిపించుకునేవారు. అది లేకుండా చనిపోతే పై లోకంలో బాధలు పడాలని వాళ్ళ నమ్మకం. 1899లో ప్రభుత్వం దాన్నీ నేరం చేసింది. ఉత్తరాన ఐను అనే ఆదివాసీల ఆడవాళ్ళు మూతి చుట్టూ పొడిపించుకుంటే దాన్నీ ఆపించింది. ఆ ఒకినావా ముసలమ్మల చేతుల ఫొటోలు పుస్తకంలో మొదటిసారి చూసినప్పుడు నాకు మా అమ్మమ్మే కనిపించింది. 2013లో న్యూజిలాండ్ నుంచి ఐనుల భాషా సభకే వచ్చిన ఒక మావోరీ (అక్కడి ఆదివాసీ) ఆవిడని, ముఖం మీద తన వంశపు గుర్తు ఉందని ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలో ఆన్సెన్‌లోకి రానివ్వలేదు. గూండాలని ఆపడానికి పెట్టిన రూలుకి ముసలమ్మలూ నేనూ ఎందుకు దొరుకుతాం?

మా అమ్మమ్మ కూడా అచ్చం ఒకినావా వాళ్ళ మాటే అనేది. “బంగారం ఇక్కడే ఊడదీస్తారే, వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటే” అని. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో, ఎరుకలావిడని అరుగు మీద కూర్చోబెట్టి నన్ను ఒళ్ళో పట్టుకుని పొడిపించింది. సూదులు దిగుతుంటే నేను ఏడుస్తున్నాను, ఆవిడ పాట పాడుతోంది, అమ్మమ్మ నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది. తర్వాత పసుపు రాసింది. అమ్మమ్మ పోయింది. ఆమె గాజులూ గొలుసూ ఎవరెవరో పంచుకున్నారు, నాకు మిగిలింది ఇదే.

అసలు నిజం చెప్పాలంటే నా కోపం ఆ కౌంటర్ పెద్దావిడ మీద కాదేమో. ఆవిడ కనీసం క్షమాపణ అడిగింది. నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు పెళ్ళిచూపులకి, మే నెల ఎండలో, పొడుగు చేతుల జాకెట్టు వేయించింది మా ఇంట్లోవాళ్ళే. కాఫీ ఇస్తుంటే చెయ్యి కాస్త పైకి జరిగింది, ఆ అబ్బాయి తల్లి “ఇదేంటండీ, మోటు మనుషుల్లా” అంది. మా వాళ్ళలో ఒక్కరూ మాట్లాడలేదు. ఆ సంబంధం పోతే తప్పు నా చేతిదే అయింది. ఆ రోజు నుంచి మా పిన్ని లేజర్, లేజర్ అని ఒకటే పోరు. మొన్న వాళ్ళబ్బాయి హైదరాబాద్‌లో వేలకు వేలు పోసి మెడ మీద త్రిశూలం వేయించుకుంటే అదే పిన్ని స్టేటస్ పెట్టుకుంది. స్టూడియోలో మెషీన్‌తో మగపిల్లాడు వేయించుకుంటే స్టైలు, అరుగు మీద ఎరుకలావిడ ఆడపిల్లకి పొడిస్తే మోటు! పొడిచినావిడ కులం తక్కువని, పొడిపించుకున్నది పల్లెటూరి ముసల్దని, అంతకు మించి ఇందులో ఇంకేం లేదు.

ఇది రాస్తుండగానే పిన్ని ఫోన్ చేసింది. గ్రూపులో పెట్టిన మెసేజ్ చూసిందట. “నేను అప్పుడే చెప్పానా, తీయించుకుని ఉంటే ఇవాళ ఈ బాధ ఉండేదా” అంది. పెట్టేశాను. ఈ పెట్టెలో ఫోన్ ఎత్తకూడదు కూడా, అయినా ఎత్తి మరీ పెట్టేశాను. స్టిక్కర్ పీకిన చోట చర్మం ఎర్రగా కందింది. మూడు చుక్కలూ, తులసికోటా అలాగే ఉన్నాయి.