కృపకూ మారుమనస్సుకూ తక్కెడ ఎందుకు?

కృప గురించి ఎక్కువ చెబితే విశ్వాసులు చెడిపోతారు, మారుమనస్సు గురించి ఎక్కువ చెబితే కుంగిపోతారు, కాబట్టి ప్రసంగంలో రెండూ సమపాళ్లలో ఉండాలి అంటారు. ఈ సలహా ఎన్ని వేదికల మీద విన్నానో లెక్కలేదు. వినడానికి పెద్దమనిషి మాటలాగే ఉంటుంది. కానీ మన బోధలో జబ్బు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. తక్కెడలో చెరోవైపు పెట్టాలంటే ఆ రెండూ ఎదురెదురు బరువులై ఉండాలి. రోమా 2:4లో పౌలు ఏమంటున్నాడో చూడండి: "దేవుని అనుగ్రహము మారుమనస్సు పొందుటకు నిన్ను ప్రేరేపించుచున్నదని యెరుగక" అంటున్నాడు. అనుగ్రహమే మనిషిని చెయ్యి పట్టుకుని మారుమనస్సు దాకా నడిపిస్తుంది. తల్లినీ ఆమె కడుపున పుట్టిన బిడ్డనూ ఎదురెదురుగా పెట్టి తూకం వేస్తామా?

హైపర్ గ్రేస్ (అతికృప) అనే బోధ చుట్టూ ఒక గొడవ నడుస్తోంది. నిన్నటివి, నేటివి, రేపటివి అన్ని పాపాలూ సిలువ మీదే క్షమించబడ్డాయి కాబట్టి విశ్వాసి ఇక ఒప్పుకోవలసిందేమీ లేదని, పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడనే 1 యోహాను 1:9 రక్షణ పొందనివాళ్ల కోసం రాసిందని ఆ బోధకుల వాదన. ఆ వచనంలో యోహాను "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" అని తనను కూడా కలుపుకున్నాడు. రెండు వచనాలు దాటాక "నా చిన్నపిల్లలారా" అని పిలిచాడు. బయటివాళ్లను ఎవరూ అలా పిలవరు. అంతెందుకు, 1517లో లూథర్ రాసిన 95 సిద్ధాంతాల్లో మొట్టమొదటిదే విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగా ఉండాలని. కృపచేతనే రక్షణ అని లోకానికి గట్టిగా వినిపించిన మనిషి అక్కడ మొదలుపెట్టాడు. నా దృష్టిలో ఆ వాదన ముగిసిపోయింది.

అవతలివాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. నరకం, శాపం, తీర్పు తప్ప ఇంకో మాట వినకుండా పెరిగి, కూటం పెట్టిన ప్రతిసారీ కొత్తగా రక్షణ పొందుతూ, ఒప్పుకోకుండా మిగిలిపోయిన పాపం ఏదైనా ఉందేమోనని టెన్షన్‌తో రాత్రిళ్లు లెక్కలు వేసుకునే పిల్లలు నాకు తెలుసు. వాళ్లకు "అంతా తీరిపోయింది, లేచి రా" అనే బోధ ప్రాణం పోసినట్టే ఉంటుంది, దాన్ని నేను కాదనను. కానీ ఆ గాయం మానాలంటే మారుమనస్సునే తీసి పక్కన పడెయ్యాలా?

మత్తయి 27, లూకా 19 పక్కపక్కన పెట్టుకుని చదవండి. చాలాకాలం నేను వీటిని కలిపి చూడలేదు, చూసిన రోజున మాత్రం కాసేపు పుస్తకం మూసి కూర్చోవలసి వచ్చింది. ఇద్దరు మనుషులు. ఇద్దరినీ పాడుచేసింది డబ్బే. ఇద్దరూ చివరికి డబ్బు తిరిగి ఇవ్వడానికే సిద్ధపడ్డారు. అయినా ఒకడు ఉరి పెట్టుకున్నాడు, ఇంకొకడి ఇంటికి రక్షణ వచ్చింది.

యేసును డబ్బుకు పట్టించిన శిష్యుడు యూదా చేసినవి ఒక్కొక్కటీ చూడండి. పశ్చాత్తాపపడ్డాడు. "నేను నిరపరాధరక్తమును అప్పగించి పాపము చేసితిని" అని సాకులేమీ వెతుక్కోకుండా నోరు తెరిచి ఒప్పుకున్నాడు. 30 వెండి నాణేలనూ దేవాలయంలో పారేశాడు. భయపెట్టే ప్రసంగాలు మన దగ్గర అడిగేవి ఇవే కదా: దుఃఖం, ఒప్పుకోలు, విడిచిపెట్టడం. అన్నీ చేశాడు. కాకపోతే వెళ్లింది యాజకుల దగ్గరికి. వాళ్లిచ్చిన జవాబు "దానితో మాకేమి? నీవే చూచుకొనుము". కృప లేని ప్రసంగం ఎంతసేపు సాగినా, ఎన్ని వచనాలు ఎత్తినా, చివరికి పాపి చేతిలో పెట్టి పంపేది ఈ మాటే. నీ పాపం, నీ ఏడుపు, నీ తంటాలు, నీవే చూచుకొనుము.

రెండోవాడు, పన్నులు వసూలు చేసి ధనవంతుడైన జక్కయ్య. అతని కథలో మారుమనస్సు అనే మాటే లేదు. ఏడ్చాడని కూడా లూకా రాయలేదు. తనను చూడడానికి అతను ఎక్కిన మేడిచెట్టు కింద నిలబడి యేసు అతని తప్పుల చిట్టా చదవలేదు, త్వరగా దిగు, ఈ రోజు నేను నీ ఇంట్లో ఉండాలి అన్నాడు. అతను దిగి "సంతోషముతో" చేర్చుకున్నాడు, చూసినవాళ్లంతా సణిగారు. అప్పుడు, ఎవరూ అడగకుండానే, లేచి నిలబడి నా ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు అన్నాడు. ధర్మశాస్త్రం ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు ఐదో వంతు కలిపి ఇస్తే చాలు, సంఖ్యాకాండము 5:7లో ఉంది. నాలుగంతలు అనేది గొర్రెను దొంగిలించి అమ్మినవాడికో కోసినవాడికో నిర్గమకాండము 22:1 వేసిన శిక్ష. అంటే జక్కయ్య తనంతట తానే వెళ్లి దొంగల వరసలో నిలబడ్డాడు, అదీ జీవితంలోకెల్లా సంతోషంగా ఉన్న రోజున. భయంతో ఇచ్చేవాడైతే ఐదో వంతు దగ్గరే బేరం మొదలుపెట్టేవాడు.

తెలుగు బైబిలు ఈ తేడాను మాటల్లోనే పట్టుకుంది. యూదాకు "పశ్చాత్తాపపడి" అని రాసింది, యేసు మొదటి ప్రకటనకు "మారుమనస్సు పొంది సువార్త నమ్ముడి" అని రాసింది. గ్రీకులో కూడా అవి వేర్వేరు మాటలే. పశ్చాత్తాపం అంటే పని జరిగిపోయాక లోపల పుట్టే మంట. మారుమనస్సు అంటే మనసే వేరే మనసు కావడం. ఈ రెండిటినీ మనం ఒకటే అన్నట్టు వాడేస్తున్నాం, అందుకే ప్రార్థనలో నాలుగు కన్నీళ్లు రాలగానే పని అయిపోయిందనుకుంటున్నాం.

నా అసలు బాధ ఇక్కడుంది. మన సంఘాల్లో మారుమనస్సు అంటే దేవుడికీ పాపికీ మధ్య జరిగే ప్రైవేటు వ్యవహారం అయిపోయింది, దెబ్బ తిన్న మనిషి ఆ లెక్కలో ఎక్కడా కనబడడు. కొన్నేళ్ల క్రితం ఒక సాక్ష్య కూటంలో ఒకాయన మైకు పట్టుకుని, వ్యాపారంలో తాను చేసిన మోసాలు చెప్పి, వెక్కి వెక్కి ఏడ్చి, యేసు రక్తం నన్ను కడిగేసింది అన్నాడు. హాలంతా చప్పట్లు, హల్లెలూయలు. ఆయన ఎవరి డబ్బు ఎగ్గొట్టాడో ఆమె నా ముందు వరసలోనే కూర్చుని ఉంది. పాటల పుస్తకం అట్ట మూలను వేలితో మడుస్తోంది, సాపు చేస్తోంది, మళ్లీ మడుస్తోంది. తల ఎత్తలేదు. కూటం అయ్యాక పెద్దలు ఆమెను ముందుకు పిలిచి, "దేవుడే క్షమించాడు, నువ్వెందుకమ్మా మనసులో పెట్టుకుంటావు" అని ఆయనకు వందనం చెప్పించారు. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, అంతకుముందు కొట్టిన చప్పట్లలో నావి కూడా ఉన్నాయి.

ఆలోచించండి, ఆ రోజు వేదిక మీద కృపా ఉంది, ఒప్పుకోలూ ఉంది. సమపాళ్లు కావాలన్నవాళ్లకు ఏ లోటూ కనిపించదు. మోసపోయిన మనిషి మాత్రం మోసపోయినట్టే ఇంటికి వెళ్లింది.

నాయకుల విషయంలో ఇది ఇంకా ఘోరం. పాస్టరు పట్టుబడితే కొన్నాళ్లు మౌనం, తర్వాత ఒక కన్నీటి ప్రసంగం, "దావీదు పడిపోలేదా" అనే మాట, మళ్లీ అదే వేదిక. దావీదు రాజు తన సైనికుడు ఊరియా భార్యను తీసుకుని, అతన్ని చంపించాడు. దావీదు పేరు ఎత్తేవాళ్లు 2 సమూయేలు 12 పూర్తిగా చదవాలి. ఒప్పుకున్న వెంటనే క్షమాపణ వచ్చిన మాట నిజమే, అది కృప. కానీ బీదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని నాతాను ప్రవక్త చెప్పిన కథ విని, ఆ గొర్రెపిల్లకు నాలుగంతలు కట్టాలని తీర్పు ఇచ్చింది దావీదు నోరే. ఊరియాకు తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు, అతను చచ్చిపోయాడు. మరి దేవుడు ఊరియాను మరిచిపోయాడా? ఎన్నో వందల ఏళ్ల తర్వాత మత్తయి యేసు వంశావళి రాస్తూ సొలొమోను తల్లి దగ్గరికి వచ్చాడు. బత్షెబ అని రాస్తే సరిపోయేది. "ఊరియా భార్యగానుండిన ఆమె" అని రాశాడు. క్షమాపణ పొందిన రాజు పేరు పక్కనే, కొత్త నిబంధన మొదటి పేజీలో, చనిపోయిన ఆ సైనికుడి పేరు ఇప్పటికీ ఉంది.

కాబట్టి సాక్ష్యం చెప్పడానికి మైకు ఇచ్చే ముందు పాస్టరు ఒక ప్రశ్న అడగాలి: నువ్వు ఎవరికి బాకీ, వాళ్ల దగ్గరికి వెళ్లావా? అలా అడిగితే కృప తగ్గిపోతుందని భయపడేవాళ్లు, కానుకను బలిపీఠం ఎదుటే విడిచిపెట్టి మొదట వెళ్లి సమాధానపడమన్నది యేసేనని గుర్తు చేసుకోవాలి. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనివాడు కూడా వెళ్లి ఆ మాటే చెప్పొచ్చు, వాయిదాల్లో తీర్చొచ్చు, కనీసం ఆమె కళ్లలోకి చూడొచ్చు.

ఆమె ఆ సంఘానికి రావడం మానేసి చాలాకాలమైంది. ఆమెలో చేదైన వేరు, అంటే క్షమించని పగ, ఉందని అక్కడ చెప్పుకుంటారు. ఆయన ఆరాధనలో పాటలు నడిపిస్తున్నాడు.