కాఫీ మానేస్తే పోయే జబ్బుకి ఇంత హడావిడా

ఎండోమెట్రియోసిస్‌కి పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదని డాక్టర్లు అంటుంటారు గానీ, పాపం వాళ్ళు ఈ జబ్బున్న మా ఫ్రెండ్ వాళ్ళ చుట్టాల్ని అడగలేదు. అడిగుంటే ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయేది. గోధుమల్లో ఉండే గ్లూటెన్ మానెయ్, పాలు మానెయ్, పంచదార మానెయ్, కాఫీ మానెయ్, టెన్షన్ మానెయ్. ఆఖరిది ఎలా మానాలో అడిగేలోపు ఫోన్ పెట్టేస్తారు.

పిల్లలు కనే వయసు ఆడవాళ్ళలో సుమారు 10 శాతం మందికి, అంటే ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 19 కోట్ల మందికి ఇది ఉంది. గర్భాశయం లోపలి పొరలాంటిదే బయట అండాశయాల మీదా పేగుల మీదా మూత్రాశయం మీదా పెరుగుతుంది, ఈస్ట్రోజన్ దానికి ఎరువు. 19 కోట్ల మందీ కూడబలుక్కుని తప్పు తిండి తిన్నారన్నమాట, ఎంత ఐకమత్యం! జబ్బు పేరు తెలియడానికే 4 నుంచి 12 ఏళ్ళు పట్టొచ్చు, అన్నేళ్ళూ నెలసరి నొప్పిని "అందరికీ ఉండేదేలే" అన్నవాళ్ళే పేరు తెలిసిన మర్నాడు డైటీషియన్ అవతారం ఎత్తేస్తారు.

ఈ విషయంలో సైన్స్ మరీ పిరికిది. యూరప్ డాక్టర్ల సంఘం ఈష్రే 2022 గైడ్‌లైన్స్‌లో తిండి గురించీ ఎక్సర్‌సైజ్ గురించీ ఫలానాది చెయ్యండని చెప్పడానికి సరిపడా ఆధారాల్లేవని రాసేసి ఊరుకుంది. పేగుల్లో గ్యాస్ పుట్టించే కొన్ని రకాల పిండిపదార్థాలు తగ్గించే లో ఫాడ్‌మాప్ డైట్‌తో కొందరికి ఉబ్బరం, పేగుల బాధ తగ్గుతాయి నిజమే, కానీ అది జీవితాంతం నోరు కట్టేసుకోవడం కాదు, తెలిసినవాళ్ళు చూస్తుండగా కొన్ని వారాలు చేసి తర్వాత ఒక్కోటీ మళ్ళీ తింటూ ఏది పడట్లేదో చూసుకోవాలి. ఇంత ఓపిక ఎవరికుంది, "అన్నీ మానెయ్" అంటే రెండు ముక్కల్లో ఐపోతుంది కదా.

మా ఫ్రెండ్ ఫోన్లో డైరీ రాసేది, ఓసారి చూపించింది. "పాలు మానేసి 9 రోజులు. నొప్పి 8." దాని కింద "నిన్న బర్త్‌డే కేక్ ఒక ముక్క తిన్నా", పక్కనే "సారీ". ఎవరికి సారీయో రాయలేదు. హాట్ వాటర్ బ్యాగ్ పెట్టీ పెట్టీ పొట్ట మీద గోధుమరంగు వలలాంటి మచ్చలు పడ్డాయి, వాటికి కారణం మాత్రం ఇంతవరకూ ఎవరూ కాఫీ అనలేదు, అంటారేమో చూడాలి.

మొన్న దానికి లాపరోస్కోపీ, అంటే పొట్టకి చిన్న గాటు పెట్టి కెమెరాతో చూసే ఆపరేషన్, చేశారు. ముందు రోజు రాత్రి నుంచీ ఏమీ తినొద్దన్నారు, తినలేదు. దాని డైట్‌కి ఎవరూ వంక పెట్టని రోజు అదొక్కటే.