కంపెనీ ఇంజన్‌కు ప్రీమియం పెట్రోలు: అదనపు ఎనిమిది రూపాయలు ఎటు పోతున్నాయి?

బంకులో ఎస్‌యూవీ ఆగగానే ముందు వినిపించే ప్రశ్న "ప్రీమియం కొట్టమంటారా సార్?" మొహమాటానికి తల ఊపేవాళ్లు కొందరు, పెద్ద బండికి పెద్ద పెట్రోలే మేలని నమ్మి కొట్టించేవాళ్లు ఇంకొందరు. రీమ్యాప్ (పవర్ కోసం ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్పించడం) చేయించకుండా, షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉన్న ఇంజన్‌కైతే ఆ ఖర్చు చాలావరకు వృథా. మినహాయింపులు లేకపోలేదు గానీ అవి బంకుల్లో చెప్పేవి కావు.

ఆక్టేన్ అంటే పెట్రోలులో ఉన్న శక్తి కాదు. సిలిండర్‌లో ఒత్తిడి, వేడి పెరిగినప్పుడు స్పార్క్ పుట్టించిన మంట చేరకముందే ఇంధనం తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు తట్టుకోగలదో చెప్పే అంకె అది. అలా అంటుకుంటే వచ్చే టకటక శబ్దమే నాకింగ్. ఇంజన్‌కు నాకింగ్ బెడద లేనప్పుడు అంకె ఎంత పెంచినా దానికి తెలియదు. ప్రీమియం పేర్లలో 'పవర్', 'స్పీడ్' అని ఉంటాయి కాబట్టి లీటరులో శక్తి ఎక్కువని అనుకోవడం సహజమే, కానీ అందులో అలాంటిదేమీ లేదు.

మన దేశంలో ఈ లెక్క ఈమధ్యే మారింది, చాలామంది గమనించలేదు. బీఎస్-6 మామూలు పెట్రోలుకు కనీస రీసెర్చ్ ఆక్టేన్ నంబర్ 91గా ఉండేది. దాంతో 95 ఆక్టేన్ ప్రీమియం కొనడానికి కాస్తయినా కారణం ఉండేది. ఇథనాల్ ఆక్టేన్ 108 పైచిలుకు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20తో మామూలు పెట్రోలు ఆక్టేన్ 95కు పెరిగిందని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. అంటే పక్క నాజిల్‌లో వచ్చేదీ 95, ఇండియన్ ఆయిల్ ప్రీమియం పెట్రోలు ఎక్స్‌పీ95 బోర్డు కింద వచ్చేదీ 95. మిగిలిన తేడా ఇంజన్‌ను శుభ్రంగా ఉంచే అదనపు రసాయనాలదే. భారత్ పెట్రోలియం వారి స్పీడ్ 97 లాంటివి రెండు పాయింట్లు పైన ఉంటాయి, అంతే.

ఇథనాల్ ఎక్కువైతే బండి పాడవుతుందన్న ఈ20 భయంతో ప్రీమియంకు మారుతున్నవాళ్లకూ ఒక మాట. 95 అని రాసి ఉన్నంత మాత్రాన అది ఇథనాల్ లేని పెట్రోలు కాదు. ఇథనాల్ వద్దనుకునేవాళ్లు 100 ఆక్టేన్ వైపు చూస్తున్నారు గానీ, దాని ధర లీటరుకు 160 రూపాయల స్థాయిలో ఉంటుంది. రోజూ ఆఫీసుకు తిరిగే క్రెటాకు అది ఎక్కడ గిట్టుతుంది?

ఇక ఇంజన్ లోపలికి వద్దాం. బ్లాక్‌కు బిగించిన నాక్ సెన్సర్ కంపనాన్ని పసిగట్టగానే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ఆ సిలిండర్‌లో స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు ఆలస్యం చేస్తుంది. నాకింగ్ ఆగాక మెల్లగా మళ్లీ ముందుకు జరుపుతుంది. ఆక్టేన్ పెరిగితే వచ్చే లాభమంతా స్పార్క్ ఇలా ఆలస్యం కావడం తగ్గడమే. క్రెటా 1.5 ఎంపీఐ, బ్రెజా 1.5 లాంటి టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే పరికరం) లేని ఇంజన్లు సిటీ ట్రాఫిక్‌లో పావు యాక్సిలరేటర్ మీద నడుస్తుంటాయి. ఆ లోడ్‌లో స్పార్క్ ఎలాగూ ఉండాల్సిన చోటే ఉంటుంది. క్రెటా 1.5 టర్బో (160 పీఎస్), టైగున్ 1.5 టీఎస్ఐ (150 పీఎస్), ఎక్స్‌యూవీ700లోని 2 లీటర్ల టర్బో వేరు. మే నెల మధ్యాహ్నం ఐదుగురితో, సామానుతో, ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కుతుంటే లోపలికి పోయే గాలే వేడిగా ఉంటుంది, టర్బో దాన్ని ఇంకా వేడెక్కిస్తుంది. అక్కడ 97 పనికొస్తుంది. పనికొచ్చేది ఆ గంటసేపే, నెలంతా కాదు.

దీనికి అమెరికాలో కొలతలున్నాయి. అక్కడి వాహనదారుల సంఘం ఏఏఏ 2017లో, ప్రీమియం 'తప్పనిసరి' కాకుండా 'మంచిది' అని తయారీదార్లు చెప్పిన వాహనాలను పరీక్షించింది. మైలేజీ సగటున 2.7 శాతం, హార్స్‌పవర్ 1.4 శాతం పెరిగాయి. అన్నిటికన్నా లాభపడింది భారీ ఎస్‌యూవీ క్యాడిలాక్ ఎస్కలేడ్: మైలేజీ 7.1 శాతం పెరిగింది. ఆడి ఏ3కి ఒక శాతం తగ్గింది. అక్కడి ధర తేడా 20 శాతం పైనే కాబట్టి ఎస్కలేడ్‌కూ గిట్టలేదు. మాజ్డా తన 2.5 లీటర్ల టర్బోకు మామూలు, ప్రీమియం రెండింటి అంకెలూ తానే ప్రకటిస్తుంది: అక్కడి 87 ఆక్టేన్ పెట్రోలుతో 227 హార్స్‌పవర్, 93తో 256. కానీ టార్క్ (ఇంజన్ తిప్పే బలం) 310 నుంచి 320 పౌండ్-అడుగులకే పెరుగుతుంది. అంటే ఆ లాభం యాక్సిలరేటర్ నేలకు తొక్కి ఆర్‌పీఎం పైకి లాగినప్పుడే తెలుస్తుంది. డల్లాస్‌లో కొత్తగా కారు కొన్న మనవాళ్లు 87 చూసి కంగారు పడక్కర్లేదు. అక్కడ రీసెర్చ్, మోటార్ ఆక్టేన్ల సగటు రాస్తారు. మన కొలతలో అది దాదాపు 91–92.

ఇప్పుడు జేబు లెక్క. మామూలుది లీటరు రూ.107, ప్రీమియం ఎనిమిది రూపాయలు ఎక్కువ అనుకుందాం. అంటే 7.5 శాతం. 13 కిలోమీటర్లిచ్చే బండి దాదాపు 14 ఇస్తే గానీ పెట్టిన అదనపు డబ్బు తిరిగి రాదు. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితే 1,150 లీటర్ల పైచిలుకు, అదనంగా సుమారు రూ.9,200. ఆ డబ్బుతో మంచి ఇంజన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, చాలా బండ్లకు స్పార్క్ ప్లగ్గుల సెట్టు కూడా వస్తాయి.

నమ్మకం కుదరకపోతే కొలిచి చూడొచ్చు. స్టీరింగ్ కింద మెకానిక్‌లు ఇంజన్ వివరాలు చదివే ఓబీడీ పోర్టులో చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి, ఫోన్‌లో టైమింగ్ అడ్వాన్స్ (స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందు పడుతోందో), లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రత రికార్డు చేయండి. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద, ఏసీ ఆపి, మూడో గేరులో 2,000 నుంచి 4,000 ఆర్‌పీఎం వరకు పూర్తిగా తొక్కాలి. రీడింగ్ పక్కన ఉన్న మనిషి చూడాలి, నడిపేవాళ్లు కాదు. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాక ప్రీమియం కొట్టించి, వంద కిలోమీటర్లు పోయాక, అదే వేళకు అదే రోడ్డు మీద మళ్లీ చేయండి. టైమింగ్ ముందుకు జరగకపోతే ఆ పెట్రోలు మీ ఇంజన్‌కు ఏమీ చేయలేదన్నట్టే. మైలేజీకైతే ఒకే బంకులో ఆటో కటాఫ్ దాకా నింపుతూ కనీసం మూడు ట్యాంకుల సగటు తీయాలి. డ్యాష్‌బోర్డు అంకెను నమ్మొద్దు.

క్లీనింగ్ రసాయనాల వాదనలో కొంత నిజముంది, పెట్రోలును ఇన్‌టేక్ వాల్వుల వెనక చిమ్మే పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది, ఇన్‌టేక్ వాల్వులను అసలు తాకదు. ఇంజెక్టర్ కొనలు శుభ్రపడతాయేమో గానీ వాల్వుల మీది మసి ఏ ప్రీమియంతోనూ పోదు. సీసాల్లో అమ్మే ఆక్టేన్ బూస్టర్‌పై '30 పాయింట్లు' అని ఉంటే ముప్ఫై ఆక్టేన్ అనుకోకండి, మూడే. పైగా మాంగనీస్ ఉన్న రకాలైతే ప్లగ్గుల మీద ఎర్రటి పూత కడతాయి.

ఇంధన మూత లోపల 95 అని రాసి ఉంటే దాన్ని పాటించాల్సిందే. అలా లేని బండి మామూలు పెట్రోలుతో టకటకలాడుతోందంటే, ప్రీమియం కొట్టించడం రోగాన్ని కప్పిపెట్టడమే. ముందు డ్రైవింగ్ చూసుకోండి: నాలుగో గేరులో 1,300 ఆర్‌పీఎం దగ్గర గట్టిగా తొక్కితే ఏ ఇంజనైనా గొణుగుతుంది, ఒక గేరు దించితే ఆగిపోతుంది. ఆగకపోతే ప్లగ్గుల గ్యాప్, హీట్ రేంజ్ (ప్లగ్గు వేడిని బయటికి పంపే స్థాయి), కూలెంట్ మట్టం, రేడియేటర్ ఫ్యాన్, నాక్ సెన్సర్ కనెక్టర్, ఈ వరుసలో చూపించండి. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌లో తక్కువ వేగంలో ఠక్కున ఒక్కసారే పెద్ద దెబ్బలా వినిపిస్తే అది స్పార్క్‌కు ముందే జరిగే దహనం. పిస్టన్ రింగుల మధ్య గట్టును అది విరగ్గొట్టగలదు. ఆక్టేన్ కంటే ముందు అక్కడ చూడాల్సింది ఇంజన్ ఆయిల్: డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ (లేదా దాని తర్వాతి) గ్రేడు, మాన్యువల్‌లో చెప్పిన చిక్కదనం ఉండాలి.